ఏ ప్రేమకథ ఎవరికి? కళ్ళు తడిపే సినిమా ఎంచుకోవడం గురించి

దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. విజయనగరంలో ఇల్లున్నవాళ్ళకి ఆ వారమంతా చుట్టాలకి కొదవుండదు. పూజారి కూర్చున్న పొడవాటి మాను, అదే సిరిమాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరగడం చూసి, జనంలో నలిగి ఇల్లు చేరితే బుధవారం సాయంత్రానికి కూడా కాళ్ళ పీకులు తగ్గవు. గడప దాటే ఓపిక ఎవరికీ ఉండదు. అప్పుడు మొదలవుతుంది అసలు తగువు. టీవీలో ఏ సినిమా పెట్టాలి?

పోయినేడు ఆ పని నా నెత్తిన పడింది. "ప్రేమకథ పెట్టు, కాస్త ఏడిపించాలి" అని అప్ప (మా అక్క) ఆర్డరు. నేను గొప్పకి పోయి 'మరోచరిత్ర' పెట్టాను. పక్కనున్న భీమిలిలో తీసిన సినిమా, పాటలు అందరికీ నోటికొచ్చినవే, ఇంకేం కావాలి అనుకున్నాను. గదిలో ఎవరున్నారో మాత్రం చూసుకోలేదు. ఎచ్చెర్ల వైపు నుంచి వచ్చిన మా అత్త ఉంది. వారం క్రితమే నిశ్చితార్థమైన ఆవిడ మనవరాలు ఉంది. ఇంటర్ చదివే కుర్రాళ్ళిద్దరున్నారు. సినిమా అయ్యాక పది నిమిషాలు ఎవరూ నోరెత్తలేదు. చివరికి అత్తే చెంగుతో కళ్ళు తుడుచుకుని, "ఏటల్లుడూ, పండక్కొచ్చినోళ్ళకి సావు సూపిస్తావేటి?" అంది. ఆ రాత్రి వండిన అన్నం వండినట్టే ఉండిపోయింది.

సినిమాకి వంక పెట్టడానికేం లేదు, ఎంచుకున్నవాడిదే తప్పు. అప్పట్నుంచి ఎవరైనా మంచి లవ్ స్టోరీ చెప్పమంటే, పేరు చెప్పే ముందు నాలుగు సంగతులు కనుక్కుంటున్నాను.

## పేరు కంటే ముందు చూసుకోవాల్సినవి

ఏడుపు ఎక్కడి నుంచి వస్తుంది? మన ప్రేమకథల్లో కన్నీళ్ళకి మూడు ఊటలు. చావు, పరువు, ఎదురుచూపు. చావు ఏడుపు ఒక్కసారిగా ముంచుకొస్తుంది, తెల్లారేసరికి ఆరిపోతుంది. పరువు ఏడుపులో కోపం కలిసి ఉంటుంది. ఆ తండ్రి ఒక్క మాట సరేనంటే ఏంపోయేది అని పళ్ళు నూరుకుంటాం. ఎదురుచూపుది వేరే తీరు. సినిమా చూస్తున్నంతసేపూ బాగానే ఉంటాం. రెండ్రోజుల తర్వాత బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడో, ఫోన్ మోగి ఆగిపోయినప్పుడో గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

నా ఓటు ఈ మూడోదానికే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీనికున్న బరువు వేరు. ఇక్కడ ఏ వీధికెళ్ళినా ఎవరో ఒకరి కొడుకు మిలిటరీలో ఉంటాడు, ఎవరో ఒకరి మొగుడు చెన్నైలోనో హైదరాబాదులోనో కట్టుబడి పనిలో ఉంటాడు. సముద్రం ఒడ్డు ఊళ్ళయితే గుజరాత్ బోట్ల మీద ఉంటాడు. మా అత్త చిన్నకొడుకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్తే ఏడెనిమిది నెలలకి గానీ మొహం చూపించడు. అందుకే నేను ప్రతి ప్రేమకథనీ ఒకటే అడుగుతాను. ఇంట్లో ఉండిపోయిన మనిషికి ఎంత చోటిచ్చావు? కెమెరా వెళ్ళినవాడి వెంటే పోయి, ఉండిపోయిన మనిషిని పాటకి మాత్రమే తలుచుకుంటే ఆ సినిమా నన్ను సగమే కదిలిస్తుంది.

పాట ఎంత మోస్తోంది? పాటలు తీసేసి కథ ఒక్కటే పక్కవాళ్ళకి చెప్పి చూడండి. అప్పటికీ వాళ్ళు "ఆ తర్వాత?" అంటే కథకి బలం ఉన్నట్టు. అనకపోతే మిమ్మల్ని ఏడిపించింది సంగీత దర్శకుడు. అదేం నేరం కాదు. కానీ అలాంటి సినిమాని ఫోన్ స్పీకర్లో చూడకూడదు.

గదిలో ఎవరున్నారు? పై కథ చెప్పింది ఇందుకే.

ఆ రాత్రి నిద్ర పడుతుందా? ముగింపు మనతో పాటు మంచమెక్కుతుందా, లేదా అని. నిడివి కూడా ఇక్కడే లెక్క. మూడు గంటల పాత సినిమా రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే సగం మందికి ముగింపు తెలియదు. గురకే వినపడుతుంది.

## పాతవాటిలో రెండు: 'దేవదాసు', 'మల్లీశ్వరి'

ఈ రెంటి మధ్య తేల్చుకోలేకపోతే ముందు విజయనగరం సంగతి ఒకటి వినండి. 1919లో ఇక్కడ మహారాజా వారి సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. తర్వాత ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి ఒక కుర్రాడు పాట నేర్చుకోవాలని ఒంటరిగా ఈ ఊరొచ్చాడు. జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి మాధుకరం ఎత్తుకుని తిన్నాడు. సాలూరు పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర పాఠం చెప్పించుకున్నాడు. ఆయనే ఘంటసాల. 1953లో వచ్చిన 'దేవదాసు'లో అక్కినేని నాగేశ్వరరావు పెదవి కదిలిస్తే వినపడేది ఆ గొంతే. ఆకలి తెలిసిన గొంతు కాబట్టి అంత పలికిందని మా నాన్న అనేవారు. అందులో నిజమెంతో గానీ, ఆ పాటలు వింటూ ఇక్కడి వీధుల్లో నడిస్తే నమ్మాలనిపిస్తుంది.

శరత్ నవల నుంచి వేదాంతం రాఘవయ్య తీసిన సినిమా ఇది. పార్వతిగా సావిత్రి, చంద్రముఖిగా లలిత. తాగిన కళ్ళు మత్తుగా కనపడాలని ఆ సీన్లు రాత్రుళ్ళు తీశారని అక్కినేనే చెప్పుకునేవారు. సంగీతం సి.ఆర్. సుబ్బరామన్‌ది. సినిమా రాకముందే, ముప్పై ఏళ్ళయినా నిండకుండా ఆయన పోయారు. మిగిలిన పని పూర్తిచేసినవాళ్ళలో ఆయన సహాయకుడు విశ్వనాథన్ ఒకరు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

దీని బలం పాటలోనూ, సావిత్రి కళ్ళలోనూ ఉంది. బలహీనత దేవదాసే. ఇప్పటి పిల్లలు పావుగంటకోసారి "వాళ్ళ నాన్నకి ఎదురు చెప్పొచ్చు కదా" అంటారు. వాళ్ళకి జవాబు చెప్పలేం. నాకైతే చివర్లో దేవదాసు పోవడం కన్నా, అది తెలిసి పరుగెత్తుకొచ్చే పార్వతికి తలుపులు మూసుకుపోవడం ఎక్కువ బాధ. అందుకే ఇది చావు సినిమా అని పేరుపడ్డా, లోపల పరువు సినిమా. ఒక్క హెచ్చరిక. ఇంట్లో తాగుడుతో ఇబ్బంది పడుతున్నవాళ్ళుంటే దీన్ని పెట్టొద్దు. తెర మీద అందంగా కనిపించే ఆ మత్తు వాళ్ళకి వేరేగా తగులుతుంది.

'మల్లీశ్వరి' 1951ది. బి.ఎన్. రెడ్డి దర్శకత్వం, ఎన్టీఆర్, భానుమతి, దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు. సంగీతం సాలూరి రాజేశ్వరరావుది. సాలూరు పక్క శివరామపురంలో పుట్టినాయన, 2022 దాకా అది మన జిల్లాయే. బావామరదళ్ళ మధ్యకి రాయలవారి పల్లకి వచ్చి, మల్లిని రాణివాసానికి ఎత్తుకుపోతుంది. ఇక మిగిలినదంతా ఎదురుచూపే, అదీ రెండు వైపులా. ఇతను రాళ్ళు చెక్కుతూ చూస్తాడు, ఆమె అంతఃపురంలో కూర్చుని చూస్తుంది. చివరికి కథ సుఖాంతం. అమ్మమ్మ, నాన్నమ్మలున్న ఇంట్లో కన్నీళ్ళూ కావాలి, ఆ తర్వాత భోజనాలూ సాగాలి అంటే దీన్ని మించింది లేదు. ఒకటే ఇబ్బంది, నడక నెమ్మది. రీల్స్‌కి అలవాటుపడ్డ కుర్రాళ్ళు పల్లకి వచ్చేలోపే లేచిపోతారు. వాళ్ళని లేచిపోనివ్వండి.

## సముద్రం పక్కన రెండు: 'మరోచరిత్ర', 'తండేల్'

మన తీరానికి సంబంధించిన ఈ రెండు సినిమాల మధ్య దాదాపు యాభై ఏళ్ళ దూరం. అయినా పక్కపక్కన పెట్టి చూడాల్సినవి.

'మరోచరిత్ర' 1978లో కె. బాలచందర్ తీశారు. రంగుల సినిమాలు వచ్చేసిన రోజుల్లో దీన్ని నలుపు తెలుపులోనే తీయడం, ఇప్పుడు చూస్తే, సముద్రానికి మేలే చేసింది. నీళ్ళు ఉక్కులా మెరుస్తాయి. తమిళ కుర్రాడిగా కమల్ హాసన్, తెలుగమ్మాయిగా సరిత. ఒకరి భాష ఒకరికి రాదు. పెద్దవాళ్ళు పెట్టే షరతు సులువుగానే కనపడుతుంది. ఒక ఏడాది కలవకూడదు, ఉత్తరం రాసుకోకూడదు, ఆ తర్వాతా ఇష్టం ఉంటే పెళ్ళి. ఆ ఏడాదిలోనే సినిమా ప్రాణమంతా ఉంది. సంగీతం ఎం.ఎస్. విశ్వనాథన్, ఇందాక 'దేవదాసు' దగ్గర చెప్పిన ఆయనే. ఆత్రేయ పాటలు, అందులో సుశీల గొంతు. ఆమె పుట్టిందీ, సంగీతం చదివిందీ విజయనగరంలోనే.

నా దృష్టిలో తెలుగులో ఎదురుచూపుని ఇంత బాగా చూపించిన సినిమా ఇంకోటి లేదు. సినిమాల పేర్లన్నీ కలిపి లిఫ్టులో పాడే పాట సరదాగా నవ్విస్తుంది. అలా నవ్విన మనిషికే చివర్లో గట్టి దెబ్బ తగులుతుంది. ఆ ముగింపుతోనే నాకు పేచీ కూడా. ఏడాది పాటు కూడబెట్టిన ఎదురుచూపుని, ఆఖరి పావుగంటలో దర్శకుడు చావు చేతికిచ్చేశాడు. అమ్మాయి మీద అఘాయిత్యం, దాని తర్వాత ఇద్దరి చావూ. ఆ చావుని అందంగా చూపిస్తుంది కాబట్టి, ప్రేమ గొడవల్లో నలుగుతున్న పదహారు పదిహేడేళ్ళ పిల్లలకి ఇది ఒంటరిగా చూడమని ఇవ్వను. పెద్దవాళ్ళు, సినిమా అంటే ఇష్టమున్నవాళ్ళు, ఒక ఆదివారం మధ్యాహ్నం చూడండి. తర్వాత కాసేపు ఆరుబయట తిరిగొచ్చే వీలుండాలి. విజయనగరం నుంచి భీమిలి ఎంతో దూరం లేదు, అటే వెళ్ళినా బాగుంటుంది.

'తండేల్' 2025 ఫిబ్రవరిలో వచ్చింది. చందూ మొండేటి దర్శకత్వం, నాగచైతన్య, సాయిపల్లవి, దేవిశ్రీ ప్రసాద్ సంగీతం. తండేల్ అంటే బోటు నడిపించే నాయకుడు. దీని వెనక జరిగిన సంగతుంది. జెట్టీలు లేని పొడవాటి తీరం మనది. మన మత్స్యకారులు బతుకు కోసం గుజరాత్ వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. అలా వెరావల్ నుంచి వేటకెళ్ళినవాళ్ళు 2018 నవంబర్‌లో హద్దు దాటారని పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడ్డారు. వాళ్ళలో చాలామందిది మన తీరమే. 2020 జనవరిలో వాఘా సరిహద్దు దగ్గర ఇరవై మందిని విడిచిపెట్టారు. మధ్యలో ఉన్న దాదాపు పద్నాలుగు నెలలు ఇక్కడి ఆడవాళ్ళు అధికారుల చుట్టూ, నాయకుల చుట్టూ తిరిగారు.

సినిమా మొదటి సగం నా పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు సముద్రం మీదుండే మనిషిని ప్రేమించడం అంటే ఏంటో సాయిపల్లవి మొహంలో తెలుస్తుంది. వెళ్ళొద్దని అడగడం, అతను వెళ్ళిపోవడం, ఆ అలకలో పగలూ రాత్రీ ఏకమైపోవడం. 'నన్ను కాదని ఎలా వెళ్ళాడు' అనే ఆ ఒక్క బాధ మీదే కథ నిలబడి ఉంటే గొప్ప సినిమా అయ్యేది. కానీ రెండో సగంలో జైలు వస్తుంది, జెండా వస్తుంది, ఫైట్లు వస్తాయి. కెమెరా వెళ్ళినవాడి వెంట వెళ్ళిపోతుంది. యాస సంగతికొస్తే, కొన్నిచోట్ల మన ఊరి మాట, కొన్నిచోట్ల సినిమావాళ్ళ ఊరి మాట. అయినా కుటుంబమంతా కలిసి చూడ్డానికి 'మరోచరిత్ర' కంటే ఇదే నయం. భయపడాల్సిన ముగింపు కాదు, పాటలు హుషారుగా ఉంటాయి, చిన్నపిల్లలు కూడా కూర్చుంటారు.

ఒక్క మాటలో తేడా చెప్పమంటే, మొదటిదానిలో ఎదురుచూపు బాగుంది, ముగింపు బరువు. రెండోదానిలో ముగింపు తేలిక, ఎదురుచూపు సగంలో ఆగిపోయింది.

## చావు తెలిసిన ప్రేమ, ఉత్తరాల ప్రేమ

'గీతాంజలి' (1989) మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా. నాగార్జున, గిరిజ, ఊటీ మంచు, పి.సి. శ్రీరామ్ కెమెరా, ఇళయరాజా, వేటూరి. ఇద్దరికీ ఎక్కువ రోజులు లేవు. ఆ సంగతి ముందే తెలిసిపోతుంది కాబట్టి చివర్లో మోసపోయామనిపించదు. ఎదురుచూడ్డానికి వాళ్ళకి టైమే లేదు, అదే దీని తమాషా. గిరిజ అల్లరి పిల్ల, ఏడుపుగొట్టు మొహం పెట్టదు. మనమే పెట్టుకుంటాం. మా బావ దీన్ని పదిసార్లు చూశాడు, పదిసార్లూ చలికి కళ్ళలో నీళ్ళొచ్చాయంటాడు. విజయనగరంలో, మే నెలలో.

ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే మాత్రం ఆలోచించండి. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి పక్కన కూర్చుని చూస్తే అది సినిమాలా ఉండదు. అయితే ఆ రోగి అడిగి మరీ పెట్టించుకుంటే అడ్డు చెప్పకండి. కొందరికి అలాంటిదే ధైర్యం.

'సీతారామం' (2022) హను రాఘవపూడిది. దుల్కర్ సల్మాన్, మృణాల్ ఠాకూర్, విశాల్ చంద్రశేఖర్ సంగీతం. అరవైల్లో కాశ్మీర్‌లో, నా అన్నవాళ్ళు లేని ఒక సైనికుడు. అతనికి భార్యనంటూ సీతామహాలక్ష్మి పేరుతో ఉత్తరాలు వస్తాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి, చేరాల్సిన చోటికి చేరని ఒక ఉత్తరాన్ని ఇంకో అమ్మాయి పట్టుకుని తిరుగుతుంది. అంటే ఇందులో ఉత్తరం కూడా ఎదురుచూస్తుంది. చూడనివాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి ఇంతకంటే చెప్పను. మాటల్లో, బట్టల్లో, వెలుగులో పాతకాలపు మర్యాద ఉంటుంది. మృణాల్‌కి తెలుగు గొంతు గాయని చిన్మయిది, ఎక్కడా అరువు గొంతులా అనిపించదు. సిరివెన్నెల చివరి రోజుల్లో రాసిన పాట కూడా ఇందులో ఉంది.

మా వీధిలో మిలిటరీలో చేసి వచ్చినాయన ఒకరు దీన్ని ఇంటర్వెల్ దాకానే చూసి కట్టేశారు. మిగిలింది తనకి తెలుసన్నారు. కాబట్టి సైన్యంలో కొడుకో అల్లుడో ఉన్న ఇళ్ళలో ముందు అడిగి పెట్టండి. మిగతావాళ్ళకి, ముఖ్యంగా కొత్తగా పెళ్ళైన జంటలకి, ఫోన్ ఎత్తి ఒక పెద్ద మెసేజ్ రాసుకోవాలనిపిస్తుంది. ఆ పుణ్యం చాలు.

## అసలు ఏడవడం ఇష్టం లేనివాళ్ళకి

'కేరాఫ్ కంచరపాలెం' (2018). వెంకటేష్ మహా మొదటి సినిమా. విశాఖ కంచరపాలెంలో, చాలావరకు అక్కడి మనుషులతోనే తీశారు. బడి పిల్లల నుంచి నలభై తొమ్మిదేళ్ళ అటెండరు దాకా నాలుగు జతల ప్రేమ. వాళ్ళ మాట వింటే మన పెదనాన్న, మన మేనత్త మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. దీన్ని చూస్తే గొంతు పట్టేస్తుంది గానీ ఏడుపు రాదు, చివర్లో నవ్వొస్తుంది. కులం, మతం అడ్డొచ్చిన చోట పెద్ద డైలాగులుండవు, మనిషి ఊరికే మౌనంగా ఉండిపోతాడు. ముగింపు ఎవరికీ ముందే చెప్పకండి. చెప్పేవాడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు, వాణ్ణి మిఠాయి కొనుక్కురమ్మని బజారుకి పంపించండి.

## ఒక్కచోట

| సినిమా | కన్నీళ్ళ ఊట | పాట మోసే బరువు | ఎవరితో చూడొచ్చు | ఆ రాత్రి |
|---|---|---|---|---|
| దేవదాసు | పరువు, పైకి చావు | చాలా ఎక్కువ | పాటలంటే ఇష్టమున్న పెద్దవాళ్ళతో | కూనిరాగంతో పడుకుంటారు |
| మల్లీశ్వరి | ఎదురుచూపు | ఎక్కువ | అమ్మమ్మలు, నాన్నమ్మలతో | హాయిగా |
| మరోచరిత్ర | ఎదురుచూపు, చివర్లో చావు | సగం సగం | పెద్దవాళ్ళు మాత్రమే, వాళ్ళు ఒంటరిగానైనా | కష్టం |
| గీతాంజలి | చావు | చాలా ఎక్కువ | స్నేహితులతో, జంటగా | బరువుగా, కానీ తియ్యగా |
| సీతారామం | ఎదురుచూపు | కొంత | జంటగా, అమ్మానాన్నలతో | కాసేపు నిద్ర పట్టదు |
| తండేల్ | ఎదురుచూపు, తర్వాత పోరాటం | కొంత | ఇంటిల్లిపాదీ | మామూలే |
| కేరాఫ్ కంచరపాలెం | పరువు, కానీ తేలిగ్గా | తక్కువ | ఎవరితోనైనా | నవ్వుకుంటూ |

గళ్ళలో పెట్టేసరికి అన్నీ సమానంగా కనపడుతున్నాయి, కానీ నా మనసులో అలా లేవు. ఒక్కటే చూసే వీలుండి, మనసు గట్టిగా ఉంటే 'మరోచరిత్ర'. పదిమంది మధ్య అయితే 'మల్లీశ్వరి'. మిగతావి పరిస్థితిని బట్టి.

అబ్బాయి ఒక ఊళ్ళో, అమ్మాయి ఒక ఊళ్ళో ఉండి ఒకే రాత్రి ఒకే సినిమా పెట్టుకుని ఫోన్లో మాట్లాడుకుంటూ చూసేవాళ్ళు ఇప్పుడు చాలామందే. వాళ్ళకి 'సీతారామం'. ప్రేమ బెడిసికొట్టి నెల కూడా కానివాళ్ళకి ఈ పట్టికలో ఏదీ వద్దు, 'కంచరపాలెం' తప్ప. ఇంకో చిన్న సంగతి, పాత నలుపు తెలుపు సినిమాలు యూట్యూబ్‌లో చూసేటప్పుడు మొదటి పాట దాకా విని శబ్దం ఎలా ఉందో చూసుకోండి. ఘంటసాల గొంతు గరగరలాడితే సగం సినిమా పోయినట్టే, వేరే కాపీ వెతకండి.

ఈ యేడు సిరిమాను వెళ్ళాక ఎంపిక నేను చెయ్యలేదు, అత్తకే వదిలేశాను. ఆవిడ 'తండేల్' పెట్టమంది. పలాస జీడిపప్పు వేయించి పళ్ళెం మధ్యలో పెట్టుకుని అందరం కూర్చున్నాం. మొదటి సగం అత్త కదల్లేదు. సాయిపల్లవి ఫోన్ పట్టుకుని కూర్చున్న చోట పక్కనున్న మనవరాలి చెయ్యి పట్టుకుంది. ఇంటర్వెల్ తర్వాత జైలు గోడలు రాగానే లేచి, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. రమ్మని పిలిస్తే అక్కణ్ణుంచే అరిచింది.

"ఆడి జైలు నాకెందుకల్లుడూ? ఇంటికాడ ఆ గుంటేటి సేస్తందో సూపించినప్పుడు పిలు."